ఎండ రేకు, నీడ రేకు

అమ్మకు కంటి ఆపరేషన్ అయిన కొత్తలో ఇంట్లో నాకు మనశ్శాంతి లేకుండా పోయింది. పొర తీసేసిన కన్నుతో ఆమె ఇల్లంతా తనిఖీకి బయల్దేరింది. గోడ మూలల్లో బూజు, స్విచ్చుల మీద వేలిముద్రలు, నూనె సీసా చుట్టూ జిడ్డు, దేన్నీ వదల్లేదు. ఏళ్ల తరబడి గంధం రంగు అనుకుని కట్టుకుంటున్న చీర నిజానికి తెల్లదని తెలిసి, ఒక పూటంతా దాన్ని తిప్పి తిప్పి చూసుకుంది. అంతవరకూ బాగానే ఉంది గానీ, “నీ మొకం మీద గిన్ని మచ్చలు ఎప్పుడొచ్చినయి బిడ్డా?” అని అడిగినప్పుడు మాత్రం నాకు ఒళ్లు మండింది. అరవై దాటిన మొహం మీద మచ్చలు గాక మల్లెలు పూస్తాయా అని విసుక్కున్నాను. నా భర్త పోయినప్పటి నుంచి తాండూరులో ఈ ఇంట్లో మేమిద్దరమే ఉంటున్నాం. రోజుల తరబడి మా మధ్య కూర గురించీ కరెంటు గురించీ తప్ప మాటలుండవు. కాబట్టి ఆ మచ్చల మీద పోట్లాటే మాకు ఆ వారంలో జరిగిన పెద్ద సంభాషణ.

నెల తిరిగాక మళ్లీ చూపించుకోవడానికి వికారాబాద్ వెళ్లాం. డాక్టరమ్మ చిన్నపిల్ల, ఓపిక గలది. వయసుతో పాటు కంటిలోని కటకం పసుపుపచ్చగా తిరుగుతుందని, రోజూ ఇంతింతే మారడం వల్ల మనిషికి ఆ సంగతే తెలియదని అమ్మకు అర్థమయ్యేలా చెప్పింది. అమ్మ అంతా విని తల ఊపి, “ఇమానం రంగు గూడ గంతేనమ్మా” అంది. ఆ అమ్మాయి నా వైపు అయోమయంగా చూసింది. మా నాయిన ఎయిర్‌ఫోర్సులో పెయింట్ సెక్షన్‌లో పనిచేశాడని, ఉద్యోగం చేసినంత కాలం యుద్ధవిమానాలకు రంగులు వేశాడని చెప్పాల్సి వచ్చింది.

ఆ మాట నోట వచ్చినందుకో ఏమో, స్టేషనుకు తిరిగి వెళ్లే ఆటోలో అమ్మకు కొత్త కోరిక పుట్టింది. అనంతగిరి వైపు వెళ్లే రోడ్డులో ఒక బడి ఆవరణలో పాత యుద్ధవిమానాన్ని దిమ్మెల మీద నిలబెట్టారు. సర్వీసు అయిపోయిన వాటిని ఇలా బళ్లకు, కూడళ్లకు ఇస్తుంటారు. బస్సులో పోతూ నేను చాలాసార్లు చూశాను. “జర గాడికి పోదాం. గిప్పుడు నాకు కండ్లు మంచిగ కనిపిస్తున్నయి గదా” అంది. ఇన్నేళ్ల కాపురంలో ఆమె విమానాన్ని దగ్గరగా చూసింది లేదు, తాకింది అంతకన్నా లేదు. ఆకాశంలో పోతుంటే చెయ్యి అడ్డం పెట్టుకుని చూడడమే. నేను ఎండ అన్నాను, రైలు తప్పుతుందన్నాను. ఆమె ఆటో అబ్బాయికి అప్పటికే దారి చెప్పేసింది.

బడికి సెలవులు. వాచ్‌మన్ ఖాజా గేటు తీసి, అమ్మ వయసు చూసి కుర్చీ తెస్తానన్నాడు. “చూడుండ్రి అమ్మా, ఫికర్ లేదు. పంద్రాగస్టు లోపల దీనికి రంగేస్తరంట. గిప్పుడైతే మస్తు ఖరాబైంది” అన్నాడు, ఆ ఖరాబుకు తనే బాధ్యుడైనట్టు. నిజంగానే అది ఖరాబై ఉంది. వీపు మీద ఒకప్పుడు ముదురాకుపచ్చ ఉండి ఉండాలి. ఇప్పుడది ఎండిన కందికట్టె రంగుకు తిరిగింది. మూడు రంగుల గుండ్రటి గుర్తులో కాషాయం వెలిసి పలచబడిన పసుపు నీళ్లలా ఉంది. వానలు కారిన చోటల్లా చారలు పడ్డాయి. పిల్లల చేతులు అందేంత ఎత్తులో మాత్రం రంగు అరిగి, లోపలి లోహం నున్నగా మెరుస్తోంది. తోక పక్కన అందిన చోట నేను బొటనవేలితో గట్టిగా రుద్దాను. వేలికి లేతాకుపచ్చ పొడి అంటింది. ఎక్కడ పాత రంగు కనిపించినా అలా వేలితో రుద్దడం నాకు చిన్నప్పటి నుంచి అలవాటు. నా భర్త బతికుండగా ఈ అలవాటు చూసి, పెళ్లిళ్లలో కూడా జనం గోడలను ఎందుకు గోకుతావే అని నవ్వేవాడు. అది నాయిన నేర్పిన విద్య.

మా వాళ్లది బొంరాస్‌పేట దగ్గర పల్లె. తరాలుగా ఇతరుల పొలాల్లో పని చేసిన ఇంట్లోంచి మిషన్ బడికి పోయి చదువుకున్న మొదటివాడు నాయిన. ఆయనకు ఉద్యోగం వచ్చాక నాయనమ్మ పల్లె వదిలి తాండూరు వచ్చేసింది. స్టేషనుకు దగ్గర్లో మా ఇల్లు. నేల బండలే, గోడలు బండలే, మిద్దె మీద పరిచినవీ బండలే. ఎండాకాలం సాయంత్రం ఆ బండల మీద నీళ్లు చల్లితే లేచే వాసన, వీధి చివరి మిల్లులోంచి వచ్చే కందిపొట్టు వాసన, నాయనమ్మ ముక్కుపొడి వాసన, ఈ మూడూ కలిస్తే నాకు మా ఇల్లు. నాయనమ్మ గడియారం చూసేది కాదు, రైళ్లను బట్టి పొద్దు చెప్పేది. “బొంబాయి బండి పోయింది, ఇంక పొయ్యి ముట్టియ్యలేదా?” అని అరుగు మీంచే కేకేసేది. బండి ఆలస్యమైన రోజున మా ఇంట్లో అన్నం కూడా ఆలస్యమయ్యేది. దాని గురించి ఎవరూ ఆమెతో వాదించేవాళ్లు కాదు.

నాయిన ఎక్కడో ఉత్తరాన, పంజాబు వైపు ఉండేవాడు. ఏడాదికి ఒకసారి, అదృష్టం బాగుంటే రెండుసార్లు సెలవు మీద వచ్చేవాడు. ఆయన గుమ్మంలోకి రాకముందే రంగుల్లో కలిపే థిన్నరు వాసన వచ్చేది. ఎన్ని స్నానాలు చేసినా ఆయన గోళ్ల మొదట్లో ఆకుపచ్చ పోయేది కాదు. ఆ పచ్చ గోళ్లతో ఆయన అన్నం కలుపుతుంటే నాకు గర్వంగా ఉండేది, ఎందుకో తెలియదు. నాలుగు రోజులు గడిచేసరికి ఆ వాసనకు మేం అలవాటు పడేవాళ్లం. అలవాటు పడ్డాక ఆయన వెళ్లిపోయేవాడు. తర్వాత కొన్నాళ్లు ఇల్లు మరీ పెద్దదైనట్టు అనిపించేది.

అమ్మకు అప్పటికి ఇరవై ఐదు కూడా లేవు. ఆమె ఎలా ఉందని అడిగినవాళ్లు ఎవరూ లేరు. మనియార్డరు వస్తోంది, అత్త మంచిదే, బిడ్డ బడికి పోతోంది, ఇంకేం కావాలి? కానీ చీకటి పడ్డాక ఆమె వాకిట్లో నిలబడి, స్టేషను నుంచి వచ్చే మనుషులను ఒక్కొక్కరిగా చూస్తూ ఉండేది. వచ్చేది లేదని తెలిసిన రోజుల్లో కూడా చూసేది. అందరూ పోయాక లోపలికి వచ్చి తలుపు వేసేది. ఆ గొళ్లెం చప్పుడు వింటే నాకు దిగులుగా ఉండేది. ఆమెకు ఒక్కటే ఆశ. అక్కడ పెళ్లైనవాళ్లకు క్వార్టర్లు ఉంటాయని, క్వార్టర్ దొరికితే మమ్మల్ని తీసుకుపోతానని నాయిన చెప్పాడు. క్వార్టర్‌కు రెండు కిటికీలు ఉంటాయని కూడా ఎప్పుడో మాటల్లో అన్నాడు. అంతే, అమ్మ ఆ రెండు కిటికీలకు పువ్వుల గుడ్డతో పరదాలు కుట్టి పెట్టెలో పెట్టుకుంది. భాష రాదు కదా ఎట్లా అని ఎవరన్నా అంటే, “నాకు ఉర్దూ వస్తది. ఆడ నాకేం పరేషాన్ లేదు” అనేది. పరదాల కొలత ఎవరిచ్చారని నాయనమ్మ అడిగితే మాత్రం పెట్టె మూత వేసేసేది.

ఒక సెలవులో నాయిన రెండు రేకులు తెచ్చాడు. అరచేతి వెడల్పు ఉన్న అల్యూమినియం పట్టీలు, రెండింటికీ ఒకే ఆకుపచ్చ. రాత్రి బువ్వ దగ్గర వాటి సంగతి చెప్పాడు. విమానం ఎండలో నిలబడి నిలబడి రంగు మారుతుంది. ఆకుపచ్చలోని నీలం ముందుగా చచ్చిపోయి, మట్టిరంగు పైకి వస్తుంది. నడుమ ఎక్కడన్నా గీసుకుపోయి అతుకు వేయాల్సి వస్తే చిక్కంతా అక్కడే. “డబ్బాలకెంచి కొత్త రంగు తీసి పూస్తే బర్రె మీద సున్నం సుక్క పెట్టినట్టు కొడ్తది. ఇమానం వయసు చూసి, గా వయసుకు తగ్గట్టు కలపాలె. సరే, కలిపినం. ఇయ్యాల కలిసిపోతది. ఏడాది తిరిగేసరికి గా అతుకు ఇంకో రంగైతది, మిగిలింది ఇంకో రంగైతది.” ఆయన సొంతంగా ఏదో పాళ్లు మార్చి కలిపాడు, అది వెలవదని ఆయన నమ్మకం. ఒక రేకును మిద్దె మీద ఎండకు వేలాడదీస్తాడు. దాని జోడును గుడ్డ చుట్టి పెట్టెలో దాస్తాడు. మళ్లీ వచ్చినప్పుడు రెండూ పక్కపక్కన పెడితే తేలిపోతుంది. వాటికి ఆయనే పేర్లు పెట్టాడు, ఎండ రేకు, నీడ రేకు అని. తాండూరు ఎండకు ఆగిన రంగు ఎక్కడైనా ఆగుతుందని నవ్వాడు.

ఆ తర్వాత అన్న మాటే మా ఇంటిని పట్టుకుంది. “గీ రంగు నిలబడ్డదనుకో, మా ఆఫీసరు ముందట పెడ్త. మెచ్చుకున్నడంటే గప్పుడే క్వార్టర్ అడుగుత. మంచి మాట మీదున్నప్పుడు కాదనడు” అన్నాడు. పొయ్యి ముందు జొన్నరొట్టె కొడుతున్న అమ్మ చేతులు ఆగిపోయాయి. పెనం మీది రొట్టె మాడి పొగ లేచేదాకా ఆమెకు తెలియలేదు. నాయనమ్మ తిట్టింది. అమ్మ ఆ మాడిన రొట్టెను తన కంచంలోకి వేసుకుని, ఏదో విందు భోజనం లెక్కన తిన్నది.

నాయిన వెళ్లిపోయాడు. రేకు మిద్దె పిట్టగోడకు కొట్టిన మేకుకు, ఎర్ర దారంతో కట్టినది కట్టినట్టే ఉంది. ఎండ మొదలయ్యే వేళకు అమ్మ మిద్దె ఎక్కేది. చెరిగే చాటను ఆ రేకుకు అడ్డంగా గోడకు ఆనించేది. పొద్దు వాలాక వచ్చి చాట తీసుకుని దిగిపోయేది. వాన వస్తే పరుగెత్తుకు వెళ్లి రేకును కొంగులో చుట్టి కిందికి తెచ్చేది. నాకేమీ వింతగా అనిపించలేదు. మా మిద్దె మీద ఎప్పుడూ ఏదో ఒకటి ఎండుతూనే ఉండేది, కందులో, మిరపకాయలో, వడియాలో. పైన కప్పడం, తీయడం ఇంటి పనుల్లో ఒక పని అనుకున్నాను. ఎండకు నిలబడాలని పెట్టిన వస్తువును ఎండ తగలకుండా కాపాడుతోందని నాకు తట్టలేదు. అమ్మకు మాత్రం తెలుసు. అందుకే నాయనమ్మ మిద్దె ఎక్కినప్పుడు చాట కనిపించేది కాదు. ఎండాకాలంలో ఆ బండల మీద కాలు పెట్టలేం. అయినా అమ్మ ఒక్క రోజు తప్పలేదు. జ్వరంతో పడుకున్న రోజు కూడా గోడ పట్టుకుని మెట్లెక్కడం నేను చూశాను.

మళ్లీ సెలవుకు వచ్చిన నాయిన, కాళ్లు కడుక్కుని నీళ్లు కూడా తాగకుండా నన్ను చంకన ఎత్తుకుని మిద్దె మీదికి నడిచాడు. ముందు నాకు పాఠం చెప్పాడు. మిద్దె మీది గది తలుపుకు ఎన్నడో వేసిన నీలం రంగు ఉండేది. నా బొటనవేలు పట్టుకుని దాని మీద రుద్దించాడు. వేలికి పొడి అంటింది. “చూసినవా? ఎండ తిన్న రంగు ఏలికంటుతది. తినని రంగు అంటదు” అన్నాడు. తర్వాత రేకును మేకు నుంచి తీసి దాని మీద రుద్దించాడు. ఏమీ అంటలేదు. నేను సంతోషంతో చప్పట్లు కొట్టాను. నాయిన నవ్వలేదు. తన వేలితో రుద్ది చూశాడు. దారాన్ని పట్టుకుని చూశాడు. కట్టిన నాటి ఎరుపు అలాగే ఉంది. పిట్టగోడ మూల బోర్లించిన చాట వైపు చూశాడు. గోడ మీద చాట ఆనీ ఆనీ పడిన గీత వైపు చూశాడు. అప్పుడు నవ్వాడు, నోరు తెరవకుండా, భుజాలు కదిలేలా. నా పెదాల మీద పచ్చ గోటి వేలు పెట్టి, “అమ్మకు చెప్పకు బిడ్డా” అన్నాడు. ఏం చెప్పకూడదో నాకు అప్పటికి సగమే అర్థమైంది. మెట్లు దిగుతూనే ఆయన ఇల్లంతా వినపడేలా కేకేశాడు. “ఓ రత్నమ్మా! రంగు మస్తు నిలబడ్డదే!”

వంటింట్లోంచి వచ్చిన అమ్మ ముఖం నాకిప్పటికీ గుర్తుంది. కొంగుతో చేతులు తుడుచుకుంటూ, ఏమీ ఎరగనట్టు, “అవునా?” అంది. నాయిన రెండు రేకులూ నేల మీద పక్కపక్కన పెట్టాడు. తేడా లేదు. ఎండలో ఉండాల్సినదీ నీడలో ఉన్నదీ ఒకే తీరుగా ఉన్నాయి. ఎలా ఉండవు! ఆ సెలవులో మా ఇంట్లో కోడిని కోశారు. నాయిన తిరిగి వెళ్లేటప్పుడు రెండు రేకులూ ఆయన పెట్టెలోనే వెళ్లాయి.

తర్వాతి సెలవుకు కొత్త జత తెచ్చాడు. ఆఫీసరు మెచ్చుకున్నాడని, ఇంకో తీరు కలిపి చూడమన్నాడని, క్వార్టర్ కోసం పేరు రాసుకున్నారని చెప్పాడు. “మనకంటె ముందట మస్తుమంది ఉన్నరు. వస్తది” అన్నాడు. అమ్మ మళ్లీ చాట పట్టుకుని మిద్దె ఎక్కింది. ఇలా ఏళ్లు గడిచాయి. ఆకుపచ్చ తర్వాత మట్టిరంగు, ఆ తర్వాత కింది నుంచి చూస్తే ఆకాశంలో కలిసిపోయే బూడిద నీలం. ప్రతిసారీ రంగు నిలబడింది. ప్రతిసారీ నాయిన మెట్ల మీంచి కేకేశాడు. పరదాలు పాతబడి, అమ్మ కొత్తవి కుట్టింది. నాయనమ్మ పోయింది. నేను పదో తరగతికి వచ్చిన ఏడాది నాయిన పింఛనుతో, నల్ల పెట్టెతో ఇంటికి వచ్చేశాడు. ఆ పరదాలను అమ్మ మా తాండూరు ఇంటి కిటికీకే కట్టింది. ఒకటి ఎక్కువైంది. మాకు కిటికీ ఒక్కటే.

నాయిన ఆటోలకు, దుకాణాల బోర్డులకు రంగులు వేస్తూ ఇంకొన్నేళ్లు బతికాడు. ఇద్దరూ ఎన్నడూ పోట్లాడుకోలేదు. పెద్దగా మాట్లాడుకోనూ లేదు. ఆయన సాయంత్రాలు మిద్దె మీద ఒక్కడే కూర్చునేవాడు, ఆమె కింద వాకిట్లో ఒక్కతే కూర్చునేది. దూరంగా ఉండి ఉండి దగ్గరగా ఉండే అలవాటు తప్పిందేమో అనుకునేదాన్ని. అయినా నాకు దిగులు లేదు, ఎందుకంటే నా దగ్గర ఆ కథ ఉంది. ఆయన కోసం ఆమె ఎండకు చాట అడ్డం పెట్టింది. తెలిసి కూడా ఆమె కోసం ఆయన కొత్త రేకులు మోసుకొచ్చాడు. ఇంతకన్నా ప్రేమ ఏముంటుంది? పెళ్లయిన కొత్తలో నా భర్తకు ఈ కథే చెప్పాను. కాలేజీలో పాఠం చెప్పేటప్పుడు, ఎవరి పేర్లూ చెప్పకుండా, ఎన్నోసార్లు చెప్పాను. ఆడపిల్లలు కళ్లు తుడుచుకునేవాళ్లు. ఇప్పుడు రంగులన్నీ మిషన్లు కలుపుతున్నాయి, మొగుడు ఎక్కడున్నాడో ఫోనులో కనిపిస్తోంది, ఇంత ఓపికగా ఒకరినొకరు మోసం చేసుకునేవాళ్లు ఇప్పుడెక్కడున్నారు అని కథ చివర ఒక నిట్టూర్పు కూడా కలిపేదాన్ని. అమ్మకు మాత్రం చెప్పలేదు. చెప్పొద్దని నాయిన అన్నాడు కదా.

వేలికి అంటిన పొడిని చూసుకుంటూ నేను ఇవన్నీ తలుచుకుంటుంటే, అమ్మ వంగి విమానం రెక్క కిందికి వెళ్లి పైకి చూస్తోంది. అక్కడ బూడిద నీలం నిన్న వేసినంత శుభ్రంగా ఉంది.

“పైనేమో గట్ల ఖరాబైంది, గిది ఎందుకింత మంచిగున్నది?” అని అడిగింది.

“నీడల ఉన్నది గదనే అమ్మా. ఎండ తగల్లేదు” అన్నాను.

ఆమె ఇంకాసేపు చూసింది. తర్వాత, నా వైపు తిరక్కుండానే అంది. “మీ నాయినను నేను మోసం చేసిన బిడ్డా.”

ఏం చెప్పబోతోందో నాకు తెలుసు. అయినా చెప్పనిచ్చాను. చాట సంగతి, వాన సంగతి, నాయనమ్మకు తెలియకుండా దాచిన సంగతి అన్నీ చెప్పింది. నాకు తెలియంది ఆ తర్వాత చెప్పింది. “రంగు నిలబడ్డదని నమ్మి ఆయన పోయి ఆఫీసరుకు చూపిచ్చిండు. ఇమానానికి పూసుంటరు. ఒక్క ఎండకాలానికే ఎలిసిపోయుంటది. అందరి ముందట ఆయన మాట పోయుంటది. గందుకే క్వార్టర్ రాలె. నన్ను ఒక్క మాట అనలె గని, నాకెరుకే. ఆయన ఇంటికొచ్చినంక గూడ ఎప్పుడన్నా ఊకె కూసుంటే, గదే మనసుల పెట్టుకున్నడు అనుకుంటుంటి. దేవుని ముందట గూడ గీ మాట నోరు తెరిచి చెప్పలేదు.”

మా ఇంట్లో ఆ నిశ్శబ్దం వెనక ఇది ఉందని నాకు ఎన్నడూ తెలియదు. ఎనభై దాటిన మనిషి, ఇంతకాలం ఈ బరువు మోస్తూ నా పక్క మంచం మీదే పడుకుంటోంది. నాకు ఏడుపు వచ్చింది, అంతలోనే సంతోషం కూడా వేసింది, దానికి మందు నా దగ్గరే ఉంది కాబట్టి. నాయిన ఇప్పుడుంటే తనే చెప్పమనేవాడు అనుకున్నాను.

“నువ్వేం మోసం చెయ్యలే అమ్మా. నాయినకు ఎరికే” అన్నాను. మిద్దె మీద జరిగిందంతా చెప్పాను, తలుపు మీద రుద్దిన వేలు, వెలవని ఎర్ర దారం, చాట, గోడ మీద గీత, అన్నీ.

“నవ్విండా?” అంది అమ్మ.

“నవ్విండు. భుజాలు కదిలేటట్టు నవ్విండు.”

“నోరు మూసుకొని నవ్వుతడు. గట్లనే నవ్వుతడు ఆయన” అంటూ అమ్మ కూడా నవ్వింది. కొత్త కంట్లో నీళ్లు వచ్చాయి. డాక్టరమ్మ కన్ను నలపొద్దంది కాబట్టి కొంగు చివరతో మెల్లగా అద్దుకుంది. ఖాజా కుర్చీ తెచ్చి వేశాడు, నీళ్లు ఇచ్చాడు. అమ్మ కూర్చుని నీళ్లు తాగింది. ఒక మంచి పని చేశానన్న తృప్తితో నేను ఆటో అబ్బాయికి వస్తున్నామని సైగ చేశాను.

“మొదటిసారే ఎరికైందా ఆయనకు?” అని అడిగింది అమ్మ.

“మొదటిసారే.”

ఆమె ఖాళీ గ్లాసును ఒళ్లో పెట్టుకుని వేళ్లతో తిప్పింది. “ఎరికైనంక గా రేకు తీస్కపోయి ఆఫీసరుకెట్ల చూపిస్తడు?” అంది. నాకు వెంటనే అర్థం కాలేదు. ఆమె నన్ను అడగడం లేదు, తనలో తనే లెక్క చూసుకుంటోంది. “చూపియ్యడు. పనిల అబద్ధం ఆడెటోడు కాదు ఆయన. చూపియ్యకపోతే ఆఫీసరు మెచ్చుకునేదెక్కడిది? మెచ్చుకుంటెనే గదా క్వార్టర్ అడుగుతనన్నది.”

అరవై ఏళ్లుగా ఆ కథను నోట్లో వేసుకుని తిరిగినదాన్ని, ఎందరికో చెప్పి ఏడిపించినదాన్ని, ఒక్కనాడూ ఆ ప్రశ్న నాకు తట్టలేదు. “అడిగే ఉంటడే అమ్మా. రంగు సంగతి వేరు, క్వార్టర్ సంగతి వేరు. ఉత్తగనే అడిగి ఉంటడు” అన్నాను. నా గొంతు నాకే నమ్మకంగా లేదు. అడిగాడేమో. అడిగితే వాళ్లు లేదన్నారేమో. అక్కడి ఖర్చుకు భయపడ్డాడేమో. తల్లిని ఒక్కతిని వదల్లేకపోయాడేమో. లేక ఆ రంగుల షెడ్డులో, ఆ ఒంటరి బతుకులో ఆయనకు బాగానే ఉందేమో. చెప్పగలిగినవాళ్లు ఎవరూ మిగల్లేదు.

అమ్మ లేచి నిలబడి నా చెయ్యి పట్టుకుంది. ఎక్కి కూర్చున్నాక, చీర కుచ్చిళ్లు సర్దుకుంటూ, ఎవరినీ నిందించని గొంతుతో అంది.

“ఆయనకు తీస్కపోవాలనే ఉండె, నేనే చెడగొట్టిన అనుకుంట గిన్నేండ్లు ఎల్లదీసిన. గదే బాగుండె బిడ్డా.”